రేసు ట్రాకు మీద చెల్లని ఇన్సూరెన్సు

శెనక్కాయ చేలు ఎండిపోయే అనంతపురం సీమలో కూర్చొని కార్ల రేసు ట్రాకుల మీద వ్యాసమా అని మిత్రులు నవ్వుతారని నాకు తెలుసు. నేను బి.యస్సీ. చదువుతున్న రైతుబిడ్డను. మా ఇంట్లో ఈనాటికీ కారు లేదు. అయినా ఈ విషయమే ఎన్నుకోవడానికి కారణం మా ఇంట్లో జరిగిన ఒక సంగతి. అది చదివాక కూడా నవ్వాలనిపిస్తే అప్పుడు నవ్వండి.

మా పెదనాయన కొడుకు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. మా వంశంలో మొట్టమొదట కారు కొన్నది ఆయనే. సగం బ్యాంకు అప్పు, సగం పెదనాయన మడి అమ్మిన డబ్బు. పోయిన సంవత్సరం స్నేహితులతో కలిసి ఒక రేసు ట్రాకుకు వెళ్ళాడు. అది పోటీ కాదు. బహుమతులు లేవు, గెలుపోటములు లేవు. రుసుము కట్టి, సొంత కారును ట్రాకు మీద పది పన్నెండు చుట్లు తిప్పుకొని రావడమే. నాలుగో చుట్టులో బ్రేకు కాలికి మెత్తగా తగిలిందట. మలుపులో కారు జారి పాత టైర్ల గోడకు కొట్టుకొంది. దేవుడి దయ, మనిషికేమీ కాలేదు. మరమ్మతుకు రెండు లక్షల నలభై వేలన్నారు.

"ఇన్సూరెన్సు ఉంది కదా" అన్నాడు అన్న. అందరమూ అదే అనుకొన్నాం. పాలసీ కాగితం నా చేతికిచ్చి, "నువ్వు చదువుకొన్నోడివి, చూడప్పా" అన్నాడు పెదనాయన. మూడేళ్ళుగా కారు డ్యాష్‌బోర్డు అరలో ఉన్న ఆ కాగితాన్ని అప్పటిదాకా ఎవరూ పూర్తిగా చదవలేదు. నేను చదివాను. బండిని ఏయే పనులకు వాడకూడదో చెప్పే చోట ఒక వరుస ఉంది: బాడుగకు తిప్పడం, సరుకులు మోయడం, ఏర్పాటు చేసిన పందేలు, వేగ పరీక్షలు, మన్నిక పరీక్షలు. ఈ పనుల్లో ఉండగా జరిగిన నష్టానికి కంపెనీ బాధ్యత లేదు.

ఈ వాక్యం ఏ ఒక్క కంపెనీ కల్పించుకొన్నదీ కాదు. 2002 నాటి మోటారు టారిఫ్ దేశమంతటికీ ఒకే మాటలుగా ఖాయం చేసిన షరతు ఇది. మోటారు వాహనాల చట్టం కూడా పందెం, వేగ పరీక్ష అనే కారణాలు చూపి బాధ్యత కాదనడానికి ఇన్సూరెన్సు కంపెనీకి అవకాశమిచ్చింది. ఈ మినహాయింపు ఒక్క కారు రేకులకే పరిమితం కాదు. యజమానే నడుపుతూ చనిపోతే ఇంటివారికి రావలసిన 15 లక్షల ప్రమాద బీమా కూడా అదే పాలసీలో భాగం, దానికీ అదే షరతు. ఆరోగ్య బీమా సంగతి కొంత నయం. దాని ప్రామాణిక నిబంధన మోటారు రేసులను వృత్తిగా చేసేవారినే తప్పిస్తుంది. సరదాకు ఒకరోజు వెళ్ళినవానికి ఆసుపత్రి ఖర్చు అడిగే దారి మిగిలి ఉంటుంది.

"మాది పందెం కాదు కదా" అని అన్న వాదించాడు. నిజమే. కాని "వేగ పరీక్ష" అన్న రెండు మాటలు ఆ వాదన కాళ్ళు విరగ్గొడతాయి. అదీకాక, ట్రాకులోకి పోయేముందు, ఏం జరిగినా బాధ్యత నాదేనని ఒక కాగితం మీద సంతకం చేసి వచ్చాడు. దాన్నీ చదవలేదు.

అప్పుడు ఒక స్నేహితుడు ఉపాయం చెప్పాడు: "రోడ్డు మీద కుక్క అడ్డమొచ్చిందని వ్రాసివ్వు, ఎవరు చూస్తారు?" ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగా అన్నం తినలేదు. రెండు లక్షల నలభై వేలంటే మాకు చిన్న మాట కాదు. చివరకు పెదనాయనే తేల్చాడు. "అబద్ధం చెప్పి తెచ్చుకొన్న దుడ్డు ఇంట్లో నిలుస్తుందేమిరా? జరిగింది జరిగినట్లు వ్రాయి." అన్న వ్రాశాడు. కంపెనీ కాదంది. ఆ ఏడాది శెనక్కాయల డబ్బు మెకానిక్ షెడ్డుకు పోయింది.

మాకు బీమా అంటే కొత్త కాదు. వాతావరణాన్ని బట్టి చెల్లించే పంటబీమాలో మా నాయన పేరు ఉండేది. అందులో లెక్క మా చేలో పడిన వానది కాదు, ఆ ప్రాంతానికని పెట్టిన యంత్రంలో నమోదైన వానది. ఒక ఏడాది యంత్రం దగ్గర వాన పడింది, మా చేలో పడలేదు. కాయ పట్టలేదు, డబ్బూ రాలేదు. బీమా మన కష్టాన్ని చూసి ఇవ్వదు, కాగితంలోని మాటను చూసి ఇస్తుంది. ఈ పాఠం మెట్ట రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. అన్న ఆ పాఠాన్ని బెంగుళూరులో మరిచాడు, అంతే.

కంపెనీ కాదనడం అన్యాయమా? సైన్సు విద్యార్థిగా నేనలా అనలేను. 1,200 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగం నుండి ఆగాలంటే బ్రేకులు దాదాపు అర లీటరు నీళ్ళను మరిగించేంత వేడిని మింగాలి. 120 నుండి ఆగాలంటే రెండు లీటర్లకు పైగా నీళ్ళను మరిగించేంత వేడి. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలు. రోడ్డు మీద అంత గట్టిగా బ్రేకు వేయడం ఎప్పుడో ఒకసారి, ట్రాకు మీద ప్రతి మలుపులోనూ. చల్లారే వ్యవధి లేక బ్రేకు పట్టు తప్పుతుంది. అన్న కాలికి మెత్తగా తగిలింది అందుకే. బజారుకు, ఆఫీసుకు పోయే కార్ల లెక్కతో కట్టిన ప్రీమియంలో ఈ ప్రమాదానికి చోటు లేదు. దాన్ని కలిపితే ట్రాకు ముఖం చూడని లక్షలమంది ఆ భారం మోయాలి. అది కూడదు.

కాబట్టి నా ఫిర్యాదు మినహాయింపు మీద కాదు, మినహాయించిన తరువాత వేరే తలుపు తెరిచి పెట్టకపోవడం మీద. డబ్బు కట్టి కొనుక్కొంటామన్నా మేము విచారించిన ఏజెంట్లలో ఒక్కరూ అటువంటి పాలసీ చూపించలేదు. ఇంగ్లండులో, అమెరికాలో ఇటువంటి రోజులకు విడిగా ఒక్కరోజు పాలసీలు అమ్ముతారు. కారు విలువను ముందే ఒప్పుకొంటారు. దెబ్బ తగిలితే కొంతభాగం, తరచు పదో వంతు దాకా, యజమానే భరించాలి. పోటీలకు అది చెల్లదు. ఎవరి సరదాకు వారే ప్రీమియం కట్టుకొంటారు. ఇందులో ఎవరికి నష్టం?

"ఇదంతా డబ్బున్నవాళ్ళ ఆట, కరవు జిల్లాకెందుకు?" అని అడగవచ్చు. 2019 నుండి పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవుతున్నాయి. కొత్త కార్లు మన ఊళ్ళ పక్కనుండే లారీలెక్కి పోతున్నాయి. ఆ నేల మీద పుట్టిన కుర్రవాడికి కారు మోజు ఉండకూడదనడం న్యాయం కాదు. మద్రాసువాళ్ళు ఒకప్పుడు షోలవరం విమానపు బాట మీద రేసులు నడిపి, 1990 నాటికి ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు కట్టుకొన్నారు. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా-ఇ కార్లు పరుగెత్తితే మనమంతా టీవీల ముందు కూర్చోలేదా?

ఇక అసలు సంగతి. మన హాస్టళ్ళలో కార్లు లేవు, మోటారు సైకిళ్ళు ఉన్నాయి. ఆదివారం తెల్లవారుజామున హైవే మీద ఎవరి బండి ముందు పోతుందో చూసుకొనేవారు మనలోనే ఉన్నారు. వారి పేర్లు నేను వ్రాయను. ఆ బండ్ల పాలసీలలోనూ అవే మాటలు ఉన్నాయి. ప్రభుత్వ అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందెం కడితే, 2019 సవరణ ప్రకారం మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేక ఐదు వేల దాకా జరిమానా, లేక రెండూ. మళ్ళీ దొరికితే ఏడాది, పదివేలు. అంతకన్నా పెద్దది మరొకటుంది. ఆ వేగంలో తెల్లవారి పాలు పోసి వస్తున్న మనిషిని కొడితే, ఆ పరిహారం మాది కాదని వాదించడానికి కంపెనీ చేతిలో ఒక వాక్యం ఉంది. ఆ వాదన నెగ్గితే బరువు ఎవరి మీద పడుతుంది? ఊళ్ళో ఉన్న నాయన పట్టాదారు పాసుపుస్తకం మీద. అన్న చేసింది తెలివితక్కువే కావచ్చు, కాని తన దుడ్డుతో, గోడలున్న చోట, ఇంకొకరి ప్రాణానికి ముప్పు లేకుండా చేశాడు. అతనికి ఏ దారీ చూపకుండా మూసివేస్తే, వేగం మీద మోజున్నవాడు ఏ కాగితమూ అడగని హైవేకే పోతాడు.

నేను కోరేవి మూడు. ట్రాకు నడిపేవారు రుసుము తీసుకొనే ముందే "మీ కారు ఇన్సూరెన్సు ఇక్కడ చెల్లదు" అని పెద్ద అక్షరాలతో, మనకు తెలిసిన భాషలో బోర్డు పెట్టాలి. పాలసీలోని మినహాయింపులను తెలుగులో ఒక పుటగా ఇవ్వాలి. ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ ఉన్నది హైదరాబాదులోనే కదా, తెలుగు వారికి దూరమేమీ కాదు. మూడోది, న్యాయమైన ప్రీమియంతో ఒక్కరోజు పాలసీ.

అవి వచ్చేదాకా, చెట్టుకు గుద్దినా బాధపడకుండా వదులుకోగల బండి అయితేనే ట్రాకు మీదికి తీసుకుపొండి. అప్పు తీరని కారైతే గేటు బయట నిలిపి, చూసి రండి. ఈ వ్యాసం చదివిన మిత్రులు ఈ రాత్రి ఒక్క పని చేస్తే చాలు: బండి సీటు కింద మడతలు పడి ఉన్న ఆ కాగితం తీసి, చివరి పుట దాకా చదవండి. మా ఇంట్లో దాన్ని మొదట చదివింది నేనే. అప్పటికే మూడేళ్ళు ఆలస్యమైంది.