వ్యాన్‌ని కిందికి దించారు సరే, ఘాట్ ఎలా దిగుతారు?

ముందే చెప్తున్నా, ఇది కాస్త కోపంతో రాస్తున్నా. మా బావ చదివినా ఫర్లేదు. నిజానికి ఆయన చదవాలనే రాస్తున్నా.

మాది సున్నిపెంట. శ్రీశైలం డ్యామ్ కట్టేవాళ్ళ కోసం వెలసిన ప్రాజెక్టు కాలనీ. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. మా ఊరి నుంచి ఎటు వెళ్ళాలన్నా ఘాటే. దోర్నాల వైపు వెళ్తే నల్లమల మలుపులు. హైదరాబాద్ వైపు వెళ్తే లింగాలగట్టుకి దిగి, కృష్ణ దాటి, మళ్ళీ ఈగలపెంట దాకా ఎక్కాలి. అలాంటి ఊరికి మొన్న పండక్కి మా బావ, కిందికి దించిన పాత మారుతీ వ్యాన్‌లో మమ్మల్నందర్నీ ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి బయల్దేరాడు.

మారుతీ వ్యాన్ 1984లో వచ్చింది. తర్వాత ఓమ్నీ అని పేరు మారి 2019 దాకా తయారైంది. బావది 80ల చివర్లో బండి. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది, బండిని తోసేది వెనక చక్రాలు. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ పట్టీలు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 1,840 మిల్లీమీటర్లే. అంటే పొట్టిది, సన్నది, ఎత్తైనది. దాని నడక దానిది. ఆ నడక తెలిసి నడిపితే పాపం ఎవర్నీ ఇబ్బంది పెట్టదు.

కానీ 'లుక్' కావాలి కదా! ఎవరో మెకానిక్ ముందు స్ప్రింగుల్ని గ్యాస్ కట్టర్‌తో ఒకటిన్నర చుట్టు కోసేశాడు. వెనక కమాన్‌లో రెండు పట్టీలు పీకేశాడు. గంటలో పని అయిపోయింది. బండి రోడ్డుకి అతుక్కుపోయినట్టు కనిపిస్తుంది, ఫోటోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది.

ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగుతున్నాం. ఒక మలుపులో రోడ్డుకి అతుకు వేసి ఉంది. పెద్ద గుంతేం కాదు, మామూలు అతుకు. ముందు చక్రం దాని మీద పడగానే 'ధన్' మని శబ్దం, స్టీరింగ్ చేతిలోంచి లాగేసినట్టు తిరిగింది, బండి ఎగిరి అవతలి వరుసలోకి జారింది. ఎదురుగా ఆర్టీసీ బస్సు. ఆ డ్రైవరన్న ముందే చూసి ఆపబట్టి ఈ రోజు ఇది రాస్తున్నా. వెనక సీట్లో మా అమ్మ, అక్క, నాలుగేళ్ళ మేనకోడలు.

"ఏం కాలేదు లేరా, కొంచెం హ్యాండ్లింగ్ సరిచేయించాల" అన్నాడు బావ. ఇంటికొచ్చాక నన్నే అడిగాడు: "నువ్వు ఇంజనీరువి కదా, వెడల్పు టైర్లు వేయించాల్నా, ఇంకా గట్టి స్ప్రింగులు వేయించాల్నా?"

నా గొడవంతా ఈ ప్రశ్నతోనే. మన ఆఫీసుల్లో రోజూ చూసేదే ఇది. ఎవడో పాత కోడ్‌లో ఎందుకుందో తెలీని ఒక నంబర్ మార్చి, టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లోకి తోసేస్తాడు. అది కూలిపోతే దాని మీద ఇంకో ప్యాచ్, దాని మీద మరొకటి. "ముందు ఆ మార్పు వెనక్కి తీసెయ్యండి" అని మాత్రం ఎవడూ అనడు, ఈగో అడ్డం వస్తుంది.

దించేవాళ్ళ వాదన ఏంటంటే, బరువు కేంద్రం కిందికొస్తే బండి స్థిరంగా ఉంటుందని. అబద్ధం కాదు. బరువు కేంద్రం 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి, 5 దించితే మలుపులో బయటి చక్రాల మీదికి మళ్ళే బరువు 8 శాతం తగ్గుతుంది. ఒప్పుకుంటా. కానీ ఆ 8 శాతానికి ఏం పోగొట్టుకున్నారో చూడండి.

మొదటిది, స్ప్రింగు కుదించుకోవడానికి ఉండే జాగా. అది అయిపోతే చక్రం వెళ్ళి రబ్బరు స్టాపర్‌కి కొట్టుకుంటుంది. ఆ క్షణం బండికి స్ప్రింగు లేనట్టే. టైరు రోడ్డుని వదిలేస్తుంది. మేం విన్న 'ధన్' అదే.

రెండోది, కోణాలు. దించగానే లోయర్ ఆర్మ్, టై రాడ్ రెండూ పైకి వంగిపోతాయి, అదీ ఒకే లెక్కలో కాదు. అప్పుడు గతుకు తగిలినప్పుడల్లా మీరు తిప్పకుండానే చక్రం తిరుగుతుంది. పైగా ఇలాంటి ముందు సస్పెన్షన్‌లో, బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు బరువు కేంద్రం కన్నా ఎక్కువ కిందికి దిగిపోతుంది. అంటే, దించినా ఒరగాలనే గుణం పెరగొచ్చు!

మూడోది, గ్యాస్ కట్టర్ వేడి. స్ప్రింగు ఉక్కుకి పదును పెట్టి బలం తెప్పిస్తారు. ఆ వేడికి కోసిన చోట ఆ బలం పోతుంది. పట్టీలు పీకిన కమాన్ సంగతి చెప్పక్కర్లేదు, ఐదుగురు ఎక్కి సామాను పెడితే అది మోయాల్సిన బరువు ఏమైనా తగ్గుతుందా?

ఇక వెడల్పు టైర్లు వేస్తే అవి బాడీకి రాసుకుంటాయి, పవర్ స్టీరింగ్ లేని ఈ బండిని తిప్పలేక చేతులు పోతాయి. షాక్‌లు మార్చకుండా గట్టి స్ప్రింగులు వేస్తే బంతిలా ఎగురుతుంది. ఇవి ప్యాచ్‌లు, పరిష్కారాలు కావు.

"వింటేజ్ బండిరా, మన ఇష్టం" అంటాడు బావ. వింటేజ్ కూడా కాదు బావా. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు నిండాలి, అదీ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. కోసేసిన బండికి 50 ఏళ్ళు వచ్చినా ఏం లాభం? మన ఇష్టం అనడానికీ లేదు. తయారీదారు ఇచ్చిన కొలతలకి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆధారంగా 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

మరి హ్యాండ్లింగ్ నిజంగా బాగుపడాలంటే? బావకి నేను చెప్పిన వరుస ఇది. ముందు అసలు కొలత స్ప్రింగులు, పూర్తి కమాన్ కట్ట వేసి బండిని తన ఎత్తుకి తీసుకురా. తర్వాత టైర్లు చూడు. పక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. గుండు బాగుందని పదేళ్ళ టైరు నమ్మొద్దు. బుష్‌లు, బాల్ జాయింట్లు, బేరింగులు ఊగుతున్నాయేమో చూపించు. నాలుగు షాక్‌లూ కొత్తవి వేయించు. బ్రేక్ ఆయిల్ మార్పించు, అది తేమ పీల్చుకుంటుంది, ఘాట్‌లో వేడెక్కితే మరిగి పెడల్ మెత్తబడిపోతుంది. అన్నీ అయ్యాకే అలైన్‌మెంట్. దిగేటప్పుడు రెండో గేర్.

ఇందులో ఒక్కటీ ఫోటోలో కనపడదు. అందుకే ఎవరికీ అక్కర్లేదు :)

పండగయ్యాక మా అమ్మ "మీరు పోండి నాయనా, నేను బస్సుకొస్తా" అని ఆర్టీసీలోనే హైదరాబాద్ వచ్చింది. బావ ముఖం మాడిపోయింది గానీ ఏం మాట్లాడలేదు. పోయిన వారం ఫోన్ చేసి "అసలు స్ప్రింగులు యాడ దొరుకుతాయిరా" అని అడిగాడు. వెతుకుతున్నాం.

మీ ఇంట్లో కూడా ఇలాంటి బండి ఉంటే, దాన్ని పార్కింగ్‌లో చూసి మురిసిపోకండి. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఘాట్ దిగగలరా అని ఒక్కసారి అడుక్కోండి. కాదంటారా? ఎందుకు కాదో చెప్పండి, వాదించుకుందాం.