ఎక్కని శిఖరాలు

మన్రో అనగానే తెలుగువారికి రాయలసీమను పాలించిన థామస్ మన్రో గుర్తుకు వస్తాడు. కొండలెక్కేవారికి గుర్తుకు వచ్చే మన్రో వేరు. స్కాట్లండులో 3,000 అడుగులు దాటిన శిఖరాలను లెక్కించి 1891లో జాబితాగా ప్రకటించిన హ్యూ మన్రో ఆయన. నాటినుండి ఒక్కొక్క శిఖరమే ఎక్కి, జాబితాలో గుర్తు పెట్టుకోవడం ఎందరికో జీవితకాలపు వ్యసనమైనది.

అటువంటి పాదచారి అండమాన్ నికోబార్ దీవులకు వస్తే అతని జాబితా చిన్నదే. మొదటిది, ఒకప్పటి పోర్ట్ బ్లెయిర్, నేటి శ్రీవిజయపురానికి ఎదురుగా ఉన్న మౌంట్ హేరియట్. పాత ఇరవై రూపాయల నోటు వెనుక ముద్రించిన కొబ్బరిచెట్ల తీరం ఈ ప్రాంతపు దృశ్యమే. 1891 నాటి ఆంగ్ల-మణిపురి యుద్ధం తరువాత మణిపురి వీరులను ఇక్కడ ప్రవాసంలో ఉంచినందున, 2021లో దీని పేరును మౌంట్ మణిపూర్‌గా మార్చారు.

దీవులన్నింటిలోను ఎత్తయినది ఉత్తర అండమాన్‌లోని శాడిల్ పీక్. ఎత్తు 732 మీటర్లు. తిరుమల ఇంతకంటె ఎత్తున ఉన్నది. కాని అలిపిరి దారిలో మెట్లున్నాయి, ఇక్కడ లేవు. అటవీశాఖ అనుమతితో ఉదయమే బయలుదేరి, కొంత దూరం సముద్రపు టొడ్డున నడచి, తరువాత దట్టమైన అడవిలో నిటారుగా ఎక్కాలి. గాలిలోని తేమకు చెమట ఆరదు. జలగలు కాళ్ళను వదలవు. అయినా ఇది పులులు, చిరుతలు లేని అడవి. భయం తగ్గినకొద్దీ చెవులు తెరచుకుంటాయి. ఈ దీవులలో తప్ప మరెక్కడా కానరాని అడవిపావురం రెక్కల చప్పుడు కూడా అప్పుడే వినిపిస్తుంది.

మూడవది నార్కొండం. ఉత్తర అండమాన్‌కు తూర్పున, సముద్రంలో ఒంటరిగా లేచిన 710 మీటర్ల పాత అగ్నిపర్వతం. ఏడు చదరపు కిలోమీటర్లకు లోపే ఉన్న ఈ దీవిలోని హార్న్‌బిల్ పక్షి ప్రపంచంలో వేరెక్కడా లేదు. 1873లో దానిని శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు, తరువాతి కాలంలో కాంగ్రెసు స్థాపనకు పూనుకొన్న ఏ. ఓ. హ్యూమ్. చెట్టుతొర్రలో తనను తాను మూసుకొని పొదిగే ఆడపక్షికి మగపక్షి పండ్లు తెచ్చి అందిస్తుంది. ఈ పక్షులు వెదజల్లిన గింజలే మళ్ళీ చెట్లవుతాయి. ఒకప్పుడు కాపలావారు తెచ్చుకొన్న మేకలు అడవిపాలై, ఆ మొలకలనే మేయసాగాయి. తరువాత వాటిని తొలగించవలసి వచ్చినది. మేకలనే భరించలేని దీవి యాత్రికుల గుంపులను భరించగలదా? అందుకే ఆ శిఖరం మామూలు యాత్రికునికి అందదు.

నాల్గవది గ్రేట్ నికోబార్‌లోని 642 మీటర్ల మౌంట్ థులియర్. అది షోంపెన్ జాతివారు తిరుగాడే దీవి. ఆదిమ జాతుల రక్షిత ప్రాంతాలలో బయటివారు అనుమతి లేకుండా అడుగు పెట్టరాదని 1956 నాటి నిబంధన చెబుతున్నది. ఆ నిబంధన వెనుక చేదు అనుభవమున్నది. 1877లో బయటినుండి వచ్చిన తట్టు వ్యాధి గ్రేట్ అండమానీయులను పెద్దసంఖ్యలో బలిగొన్నది. అడవి దాటివచ్చే పాదచారికి తన శరీరం వెంట ఏమి వస్తున్నదో తెలియదు.

హ్యూ మన్రో తన జాబితాను తానే పూర్తిచేయలేక, కొద్ది శిఖరాలు మిగిలి ఉండగానే 1919లో కన్నుమూశాడు. ఆయనకు ఆయుష్షు చాలలేదు. అండమాన్‌లో కొండలెక్కేవానికి ఆయుష్షున్నా, కాళ్ళలో సత్తువున్నా, రెండు శిఖరాలకెదురుగా గుర్తు పెట్టకుండా వదలవలసినదే. పక్షిని, అడవిని, మనిషిని నిజంగా ప్రేమించినవానికి ఆ ఖాళీలు లోటుగా తోచవు.