తారలు నోరు విప్పిన రోజు, విప్పని రోజు

2015 ఏప్రిల్ 7న తెలుగు నేల మీద ఒకే రోజు రెండు చోట్ల పోలీసు తుపాకులు పేలాయి. తిరుపతి దగ్గర శేషాచలం అడవుల్లో 20 మంది, నల్గొండ జిల్లా ఆలేరు దగ్గర 5 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ 20 మంది తమిళనాడు నుంచి వచ్చిన పేద కూలీలు, ఎర్రచందనం దొంగలన్నది వారి మీది అభియోగం. ఈ 5 మంది ముస్లిం యువకులు, విచారణ ఖైదీలు. వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకువస్తుండగా, చేతులకు బేడీలు ఉండగానే వారు మరణించారు.

కూలీలు రాళ్ళతో, గొడ్డళ్ళతో దాడి చేశారనీ, ఖైదీలు తుపాకి లాక్కోబోయారనీ పోలీసులు చెప్పారు. అయితే బేడీలతో వాహనం సీట్లలో ఒరిగిపోయిన శవాల ఫొటోలను లోకమంతా చూసింది. తమ తోటివారిని బస్సులోంచి దించి తీసుకుపోయారని బతికి బయటపడ్డ కూలీలు జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు చెప్పుకున్నారు. ఆ ఖైదీలపై ఉన్న కేసులు చిన్నవి కావు. అంతకు కొద్ది రోజుల ముందే అదే జిల్లాలో దుండగుల కాల్పులకు పోలీసులు కూడా బలైపోయారు. అదీ మరువరాదు. కానీ నేరం తేల్చవలసింది న్యాయస్థానం కదా!

ఆనాడు మన సినీ తారల నుంచి గాని, క్రీడాకారుల నుంచి గాని జనానికి గుర్తుండిపోయే మాట ఒక్కటీ రాలేదు. పెద్దవారు ఇలాంటి విషయాల్లో తలదూర్చరులే అని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ సమాధానం అయిదేళ్ళు కూడా నిలవలేదు.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన ఘోరం విని కంటతడి పెట్టని ఇల్లు లేదు. డిసెంబరు 6 తెల్లవారుజామున ఆ కేసులోని నలుగురు నిందితులను పోలీసులు చటాన్‌పల్లి దగ్గర కాల్చి చంపారు. తెల్లవారేసరికి తారల గొంతులు లేచాయి. నాగార్జున, జూనియర్ ఎన్టీఆర్ వంటి నటులు న్యాయం జరిగిందని ట్విట్టర్‌లో రాశారు. సైనా నెహ్వాల్ హైదరాబాద్ పోలీసులకు సలాం చేశారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మరో బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల మాత్రం ఒక ప్రశ్న వేశారు: నిందితుడి హోదా ఏదైనా ఇలాగే చేస్తారా?

ఆ తర్వాత ఏమైంది? సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి సిర్పూర్కర్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిషన్‌ను నియమించింది. 2022 మే నెలలో ఆ నివేదిక బయటికి వచ్చింది. నిందితులు తుపాకులు లాక్కున్నారన్న మాట నమ్మదగింది కాదనీ, చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయనీ, 10 మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలనీ అందులో ఉంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురికి 18 ఏళ్ళు నిండలేదని కూడా ఉంది. వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు చేరింది. 2019లో న్యాయం జరిగిందని కాల్పులు జరిగిన రోజే చాటినవారి అభినందనలు ఎంత దూరం వినిపించాయో, నివేదిక వచ్చాక వారి ఖామోషీ అంతే లోతుగా ఉండిపోయింది.

అమెరికాలో తారలు ధైర్యవంతులని, మనవారే పిరికివారని అనడం కూడా సరికాదు. 2014 నవంబరులో క్లీవ్‌ల్యాండ్‌లో బొమ్మ తుపాకితో ఆడుకుంటున్న 12 ఏళ్ళ నల్లజాతి బాలుడు తమీర్ రైస్‌ను పోలీసు కాల్చి చంపిన తర్వాత, ఆ ఊరి జట్టు మహా ఆటగాడు లెబ్రాన్ జేమ్స్‌ను మైదానంలోకి దిగవద్దని ఎందరో కోరారు. ఆయన ఆట మానలేదు. బాస్కెట్‌బాల్ రారాజు మైకేల్ జోర్డాన్ నోరు విప్పడానికి 2016 దాకా పట్టింది. అదే ఏడు జాతీయగీతం వేళ మోకరిల్లి నిరసన తెలిపిన ఫుట్‌బాల్ ఆటగాడు కాలిన్ కేపర్నిక్‌ను ఆ సీజన్ తర్వాత ఏ జట్టూ తీసుకోలేదు. నోరు విప్పితే ఏమి పోతుందో ఆయన బతుకే చెబుతుంది.

2020లో జార్జ్ ఫ్లాయిడ్ మరణం తర్వాత నిరసన లోకమంతటా పాకింది. 2021 అక్టోబరు 24న దుబాయ్‌లో పాకిస్తాన్‌తో మ్యాచ్‌కు ముందు మన క్రికెట్ జట్టు కూడా మోకరిల్లింది. మంచిదే. కానీ ఏడు సముద్రాల అవతలి జుల్ము కనిపించిన కళ్ళకు ఆలేరు కనిపించలేదేం? కారణం వెతకనక్కరలేదు. అక్కడి పోలీసుకు కోపం వస్తే ఇక్కడి సినిమా ఆగదు. ఇక్కడి సర్కారుకు కోపం వస్తే ఆగవచ్చు. మూకతో పాటు అరవడానికీ ఖర్చు లేదు. ఎటు చూసినా ఖర్చు లేని మాటే బయటికి వస్తున్నది.

తారల మాటకు మన సీమలో ఎంత బరువుందో చెప్పనక్కరలేదు. పక్కనున్న హిందూపురం ఎన్టీ రామారావు గారిని మూడుసార్లు, 2014 నుంచి ఆయన కుమారుణ్ణి మరో మూడుసార్లు అసెంబ్లీకి పంపింది. మన కదిరిలో శుక్రవారం జుమా నమాజు చదివిన కుర్రవాడే సాయంత్రం కొత్త సినిమాకు క్యూలో నిలబడతాడు. హీరో న్యాయమన్నది ఆ కుర్రవాడికి న్యాయంగా తోస్తుంది. విచారణ లేని చావును హీరో మెచ్చుకుంటే, రేపు తన గల్లీలోకి పోలీసు జీపు వచ్చినప్పుడు ఆ కుర్రవాడు ఏ న్యాయం అడగగలడు?

ఇక మన సంగతి. ఏప్రిల్ 7 అనగానే మన ఇళ్ళలో ఆలేరు గుర్తుకు వస్తుంది. అదే రోజు పోయిన ఆ 20 మంది తమిళ కూలీలు ఎంతమందికి గుర్తున్నారు? చటాన్‌పల్లి వార్త విని శెభాష్ అన్నవారు మనలో లేరా? మనవాడు పోతే జుల్ము, పరాయివాడు పోతే ఇన్సాఫ్ అంటే మన తక్కెడకూ తారల తక్కెడకూ తేడా ఏముంది? అయినవారికైనా కానివారికైనా గవాహీ ఒక్కటే కావాలి. తెలుగువారిలో అలాంటి గవాహీ ఇచ్చినవారు ఉన్నారు. 2009లో కన్నుమూసిన బాలగోపాల్ ఎన్‌కౌంటర్ మృతుల కోసం ఊరూరా తిరిగారు, నక్సలైట్ల హింసనూ అంతే సూటిగా ప్రశ్నించారు. ఆయనకు అభిమాన సంఘాలు లేవు, ఫ్లెక్సీలు లేవు.

దారి చట్టంలోనే ఉంది. పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే కేసు నమోదు కావాలనీ, సి.ఐ.డి. గాని, వేరే స్టేషన్ పోలీసులు గాని దర్యాప్తు చేయాలనీ, మెజిస్ట్రేటు విచారణ జరగాలనీ సుప్రీంకోర్టు 2014 సెప్టెంబరులో స్పష్టంగా చెప్పింది. ఆలేరుకు, శేషాచలానికి ఆరున్నర నెలల ముందే వచ్చిన తీర్పు అది. చనిపోయినవాడి పేరు ఏదైనా సరే, ఈ మూడూ జరిగాయా అని అడగడం నేర్చుకుందాం, పిల్లలకూ నేర్పుదాం. తార నోరు విప్పే దాకా ఆగవలసిన పని మనకు లేదు.