చూసుకునే తల్లి ఎవరి లెక్కలో ఉంది?

ఎమిరేట్స్ ప్రభుత్వం 2017లో వికలాంగులను ఇకపై ‘సంకల్పబలం గలవారు’ అనాలని చెప్పింది. పేరుతోనే ఆగలేదు. వైకల్యం ఉన్న బిడ్డ వయసు ఎంతైనా తల్లిదండ్రుల వీసా మీదే ఉండొచ్చని 2022లో నిబంధన తెచ్చింది. (మామూలు కొడుకులకైతే 25 ఏళ్ల వరకే.) సంతోషం. కానీ మిత్రులారా, కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే 4,000 దిర్హాముల జీతం, లేదా 3,000తో పాటు వసతి ఉండాలి. సోనాపూర్ క్యాంపుల్లో ఉండే మన జగిత్యాల, కడప అన్నల్లో ఎందరికి అంత వస్తుంది?

అందుకే బిడ్డ ఊళ్లోనే. ఎత్తి స్నానం చేయించేదీ, ఫిజియోథెరపీకి బస్సెక్కించేదీ, రాత్రి ఫిట్స్ వస్తే మేలుకుని కూర్చునేదీ తల్లి ఒక్కతే. ఆమె కూలికి పోలేదు. దుబాయ్ డబ్బేమో వీసా అప్పు వడ్డీకే చాలదు.

పింఛను లేదా అంటే ఉంది. ఆంధ్రలో 2024లో 6,000 చేశారు, మంచానికే పరిమితమైతే 15,000. తెలంగాణలో 2023లో 4,016 అయింది. అదంతా వికలాంగుల పేరు మీద. చూసుకునే మనిషికని విడిగా ఏమీ లేదందులో. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ సంరక్షకుల భత్యం మాట చెప్పింది. ‘ఆర్థిక స్తోమతను బట్టి’ అని మెలికా పెట్టింది. మన నాయకులకు ఆ మెలికే గుర్తుంది!

గల్ఫ్‌లో చనిపోతే 5 లక్షలని తెలంగాణ 2024లో ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. బతికుండగా ఆ ఇంటికేమిటి? ఈసారి దుబాయ్ సభకు మంత్రిగారొస్తే శాలువా తర్వాత కప్పండి, ముందు ఆ భత్యం జీవో ఎప్పుడని అడగండి.