బట్టీ పనికిరాని ఆట

ఆసిఫాబాద్ దాటి అడవిలోకి తొలిసారి వెళ్లేవారు ఏం చేస్తారు? దారి పొడుగునా గుర్తులు చూసుకుంటూ నడుస్తారు. కంప్యూటర్‌లో ఒక్కరే ఆడుకునే ‘రోగ్’ ఆటను మీరూ అలాగే మొదలుపెట్టాలి.

1980లో అమెరికాలో మైకేల్ టాయ్, గ్లెన్ విక్‌మన్ అనే ఇద్దరు విద్యార్థులు తయారుచేసిన ఆట ఇది. నేలమాళిగలో గదులు, వాటిలో రాక్షసులు. ఆడిన ప్రతిసారీ గదుల అమరిక మారిపోతుంది. చస్తే ఆట మళ్లీ మొదటినుంచే! నిన్న బలమిచ్చిన ఎర్రమందు నేడు కళ్లు కనబడకుండా చేయవచ్చు.

“అయితే అంతా అదృష్టమే కదా?” అంటారేమో. కాదు. మారేది అమరికే, నియమాలు కావు. గాయపడితే కాసేపు ఆగి కోలుకోవచ్చు. ఇరుకు దారిలో నిలబడితే శత్రువులు చుట్టుముట్టలేరు. దారి మూసుకుపోతే గోడలు వెతకాలి, రహస్య ద్వారం ఉండవచ్చు. తెలియని మందును ఆపద లేనప్పుడే తాగి చూడాలి.

కనుక జవాబులు ఇతరులనడిగి బట్టీ పట్టకండి. ఓడిన ప్రతిసారీ ‘ఎందుకు చచ్చాను?’ అని నోటుబుక్కులో ఒక్క వాక్యం రాసుకోండి. పది ఓటముల తర్వాత ఆ పుస్తకమే మీకు గురువు. ప్రయోగం విఫలమైనప్పుడు శాస్త్రజ్ఞులు చేసేదీ ఇదే. పరీక్షలో ఎన్నడూ చూడని లెక్క ఎదురైనప్పుడు మిమ్మల్ని ఆదుకునేదీ ఈ అలవాటే!