దాక్కుంది జలపాతం కాదండీ

ఈ మధ్య ఫోను తెరిస్తే చాలు, "ఎవరికీ తెలియని జలపాతం", "అడవిలో దాగిన అందం" అంటూ వీడియోలు. పది నిమిషాల నడక, పైనుంచి ఒక డ్రోన్ షాటు, కింద మ్యాప్ పిన్ను. సోమవారానికల్లా ఆ లింకు ఆఫీసు గ్రూపులన్నీ చుట్టేస్తుంది. "బాస్, వచ్చే శనివారం పోదామా?"

పోవడం మంచిదే, నేనేం కాదనను. వారమంతా టిక్కెట్లు, రిలీజులు అంటూ కుర్చీకి అతుక్కుపోయేవాళ్ళం, ఆ మాత్రం నడవకపోతే ఎలా? నా పేచీ అంతా ఆ "ఎవరికీ తెలియని" అనే మాటతోనే.

ఎవరికి తెలియదండీ? మాది వరికుంటపాడు వైపు. పడమరకి పోతే ఉదయగిరి దుర్గం, దాని వెనక వెలిగొండలు. అడవిలో నీళ్ళు పారే లోయకి మన భాషలో ప్రత్యేకంగా ఒక మాటే ఉంది: కోన. భైరవకోన, పెంచలకోన, తలకోన... పేరు పెట్టారంటేనే మనకంటే ముందు అక్కడికి ఎవరో పోయారని కదా. మేకలు తోలుకుపోయేవాళ్ళకి, తేనె పట్టేవాళ్ళకి, గరిటెల కోసం కొయ్య తెచ్చేవాళ్ళకి ప్రతి మడుగూ తెలుసు. తెలియంది మనకే. టెన్త్ అవ్వగానే రెసిడెన్షియల్ కాలేజీకి, అట్నుంచటే హైదరాబాదుకో బెంగుళూరుకో పోయాం. కూర్గు దారి నోటికొచ్చు, సీతారామపురం దారి మాత్రం గూగుల్‌ని అడగాలి :)

భైరవకోననే తీసుకోండి. సీతారామపురం దాటి కొంచెం పోతే వస్తుంది, పాత ప్రకాశం జిల్లాలో. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా ఆ కనిగిరి ప్రాంతం కూడా నెల్లూరు జిల్లాలోదే. కొండరాతిని తొలిచి కట్టిన ఎనిమిది శివాలయాలు, వాటి పక్కనే సుమారు 200 అడుగుల ఎత్తునుంచి పడే నీళ్ళు. వెయ్యేళ్ళకు పైబడిన శిల్పాలవి. అంత పని జరిగిన చోటుని "హిడెన్ జెమ్" అంటే ఏం చెప్పాలి? ఉదయగిరి కోటనైతే 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలవడానికి ఏడాదిన్నర పట్టిందంటారు. అన్నాళ్ళు కొండ మీద జనం నిలబడ్డారంటే అక్కడ నీళ్ళు లేకుండానా?

ఇంతకీ మాటకేముందిలే, ఏదంటే ఏం పోయింది అంటారేమో. పోతుందండీ. "ఎవరికీ తెలియదు" అనుకున్నవాడు ఎవరినీ అడగడు. అసలు చిక్కు అక్కడే.

ముందు కాలం సంగతి చూడండి. నెల్లూరు జిల్లాకి ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. నవంబరులో తీసిన వీడియో చూసి ఏప్రిల్లో బయల్దేరితే ఉండేది వేడెక్కిన బండ, పాచి ఎండిన చార. ఊళ్ళో టీ కొట్టు దగ్గర ఒక్కమాట అడిగితే "ఇప్పుడేం నీళ్ళు సామీ, కార్తీకానికి రాండి" అని చెప్పేవాళ్ళు. పిన్ను ఎక్కడ అనేది చెబుతుంది గానీ ఎప్పుడు అనేది చెప్పదు.

రెండోది ప్రాణాలకు సంబంధించింది. మన భాషలో చెప్పాలంటే అడవి ఒక బఫర్. చెట్లు, రాలిన ఆకులు, రాతి పగుళ్ళు కలిసి వానని పట్టుకుని నిదానంగా వదులుతాయి. అందుకే వాన వెలిసిన కొన్ని వారాలకి కూడా కోనలో నీళ్ళు పారతాయి. కానీ బఫర్ నిండాక ఇంకో వాన పడిందనుకోండి, వచ్చిన నీళ్ళు వచ్చినట్టే కిందికి దూకుతాయి. మీ నెత్తిన ఎండే ఉండొచ్చు, వాన పైనెక్కడో కొండమీద పడి ఉండొచ్చు. తేటగా ఉన్న నీళ్ళు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా బ్యాగులు ఏరుకుంటూ కూర్చోకండి, వెంటనే గట్టెక్కేయండి. ఆ ఊరి మనిషి పక్కనుంటే మీకంటే ముందే వాసన పడతాడు.

2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ఏం జరిగిందో గుర్తుందా? ట్రెక్కింగుకి పోయినవాళ్ళు కార్చిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది చెన్నైలో మనలాగే కంప్యూటర్ల ముందు పనిచేసేవాళ్ళు. వారాంతానికి రెండ్రోజులు గాలి పీల్చుకుందామని పోయినవాళ్ళు. అది ఎండుగడ్డి కాలం. ఆ తర్వాతే అక్కడి ప్రభుత్వం ట్రెక్కింగుకి నిబంధనలు పెట్టింది. మన అడవులు మాత్రం ఎండాకాలంలో కాలవా?

పైగా వెలిగొండల్లో ఎర్రచందనం ఉంది. అటవీశాఖ వాళ్ళు తెలియని బండినీ, అర్ధరాత్రి టార్చిలైట్లనీ అనుమానంగా చూస్తారు, చూడాలి కూడా. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా పోయి, "మేం సాఫ్ట్‌వేర్ సార్" అంటే చెల్లదు. అది ఐడీ కార్డు చూపిస్తే తెరుచుకునే గేటు కాదు.

ఇక మూడోది నాకు అన్నిటికంటే బాధ కలిగించేది. మడుగు పక్కన పగిలిన బీరు సీసాలు, బిర్యానీ పొట్లాలు, షాంపూ సాషేలు. ఉదయగిరి, కనిగిరి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందన్న సంగతి కొత్తదేం కాదు. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు. అది దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగి, పళ్ళు గారపట్టి, కీళ్ళు వంగినవాళ్ళు అక్కడి పల్లెల్లో ఉన్నారు. శ్రీశైలం నుంచి నీళ్ళు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారు, సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. ఇరవై ఎనిమిదేళ్ళు! నీళ్ళ కోసం తరాలు ఎదురుచూసిన చోట, వానకి కొండ ఇచ్చే నీళ్ళలో మనం షాంపూ కలిపి వస్తున్నాం. మనకది స్పాట్. కింద గొడ్లకి, గొర్రెలకి అది తాగే నీరు.

మరయితే లొకేషన్ దాచేద్దామా? కొంతమంది మిత్రులు అదే అంటారు. నాకది నచ్చదు. మనకి తెలిసినది మన గుంపులోనే ఉంచుకోవడం కూడా ఒకరకం దొరతనమే. అదీకాక ఒకసారి ఎక్కిన పిన్ను దిగదు. మనుషులొస్తే పల్లెలో నాలుగు డబ్బులు ఆడతాయి కూడా. ఉదయగిరి చెక్క గరిటెలు చేసేవాళ్ళ దగ్గర తలా రెండు కొన్నా వాళ్ళకదో ఆసరా.

నేననేది ఇంతే. రీడ్‌మీ లేని కోడు ఎవడైనా మన నెత్తిన పడేస్తే ఎన్ని తిట్లు తిడతాం? పిన్నుకీ అదే వర్తిస్తుంది. ఏ నెలలో తీశారో రాయండి. అనుమతి ఎక్కడ తీసుకోవాలో రాయండి. వానపడితే ఎటు ఎక్కాలో రాయండి. ఆ చోటుని ఊళ్ళోవాళ్ళు ఏ పేరుతో పిలుస్తారో కనుక్కుని అదే పెట్టండి, "సీక్రెట్ ఫాల్స్ 2" అని కాదు. పదిమందికి మించి పోకండి. ఊళ్ళో ఒక మనిషిని తోడు తీసుకుపోండి, ఒకరోజు కూలి కాదు, మీ ఊళ్ళో గైడుకి ఇచ్చేంత ఇవ్వండి. ఆయన వయసుని బట్టి అన్నా అనో, పెద్దాయనా అనో పిలవండి, "హలో బాస్" అని కాదు.

దారి తెలిసినవాడికి డబ్బిచ్చి వెనక నడవడం చిన్నతనమేం కాదు. ఆఫీసులో కన్సల్టెంటుకి మనం చేసేదీ అదే కదా. కాకపోతే ఈయన చెప్పింది వినకపోతే పోయేది ప్రాజెక్టు కాదు.