పిల్లల మీద ‘సైకో’ ముద్ర వద్దు

తోటి పిల్లాడు ఏడుస్తున్నా చలించడు. బెత్తం చూసినా బెదరడు. అలాంటి కుర్రాణ్ని ఊరు మొండిఘటం అంటుంది. ఈమధ్య ‘సైకో’ అని కూడా అనేస్తోంది.

ఆ బెదరనితనం శరీరంలోనూ కనిపిస్తుంది. తెలుగువాళ్లు తరతరాలుగా స్థిరపడ్డ మారిషస్‌లో 1972లో మొదలైన అధ్యయనంలో 1,795 మంది మూడేళ్ల పిల్లలను పరీక్షించారు. ఇయర్‌ఫోన్లలో ముందొక శబ్దం, వెంటనే చెవులదిరే మోత. కొన్నిసార్లు ఇలా జరిగాక, మొదటి శబ్దానికే భయంతో చాలామంది వేళ్లకు సన్నగా చెమట పడుతుంది. యంత్రం దాన్ని పట్టేస్తుంది. 23 ఏళ్లకు నేరచరిత్ర ఉన్నవాళ్లలో ఆ స్పందన మూడేళ్లప్పుడే లోపించిందని 2010లో ఏడ్రియన్ రేన్ బృందం వెల్లడించింది.

అంతమాత్రాన అది తలరాత కాదు. ఆ దేశంలోనే వందమంది పిల్లలకు రెండేళ్లపాటు మంచి తిండి, వ్యాయామం, చదువు అందించారు. 17 ఏళ్లకు వాళ్లలో దుష్ప్రవర్తన తగ్గింది. పోషకాహార లోపమున్న పిల్లలకే మేలు ఎక్కువగా జరిగింది.

ఆంధ్రప్రదేశ్‌లోని హనుమంతునిపాడు లాంటి కరువు మండలాలకు ఇది అక్కరకొచ్చే సంగతి. అమ్మానాన్నలు వలసపోతే అవ్వాతాతల దగ్గర పెరిగే పిల్లలకు అంగన్‌వాడీలో గుడ్డు, పాలతోపాటు ఆటపాటలూ తప్పక అందాలి. శిక్షకు లొంగని పిల్లలను కొట్టి మార్చలేం. ఆప్యాయత, మెప్పు బాగా పనిచేస్తాయి. ఉపాధ్యాయులకు ఇందులో శిక్షణ ఇవ్వాలి. మానసిక ఆరోగ్య సాయానికి ఉచిత టెలీమానస్ నంబరు 14416 ప్రతి బడి గోడమీదా రాయించాలి.